వేళ్లకు తెలిసిన విద్య: పాతబస్తీ చేతిపనుల్లో సృజన, ఎరుక

సృజనకు మనస్తత్వ శాస్త్రం రెండు లక్షణాలు చెబుతుంది. చేసినది కొత్తగా ఉండాలి, సందర్భానికి ఒదగాలి. కొత్తదై పనికిరానిది వింత అనిపించుకుంటుంది. పనికొచ్చినా కొత్తదనం లేనిది అనుకరణగా మిగిలిపోతుంది. 1950లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షోపన్యాసం చేస్తూ జె.పి. గిల్‌ఫర్డ్, ఈ అంశంపై పరిశోధన మరీ తక్కువగా జరిగిందని ఎత్తిచూపారు. ఆ తర్వాత అధ్యయనాలు ఊపందుకున్నా, చాలాకాలం వాటి చూపు మహామహుల మీదే నిలిచింది. 2009లో జేమ్స్ కౌఫ్‌మన్, రొనాల్డ్ బెగెటో అనే ఇద్దరు పరిశోధకులు సృజనను నాలుగు మెట్లుగా విడదీశారు. నేర్చుకునే క్రమంలో మనిషి తనకు తానుగా కనిపెట్టుకునే చిన్న సంగతి మొదటి మెట్టు. ఇంటిలో, వీధిలో, వంటలో రోజూ కనిపించే నేర్పు రెండోది. ఏళ్ల తరబడి ఒక వృత్తిలో పండినవారి పనితనం మూడోది. చరిత్ర గతిని మార్చే ప్రతిభ నాలుగోది.

నాలుగో మెట్టు ఎక్కేవారు ఏ కాలంలోనైనా కొద్దిమందే. మొదటి మూడు మెట్ల మీద మాత్రం ఎప్పుడూ సందడే. ఆ సందడిని ఒకే చోట చూడాలంటే హైదరాబాద్ పాతబస్తీ తగిన ప్రదేశం. 1591లో వెలసిన చార్మినార్‌కు పడమటి వైపు సాగే లాడ్ బజార్‌లో లక్క గాజులు, దగ్గరి గల్లీల్లో వెండి రేకు కొట్టే సుత్తుల చప్పుడు, ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికల మీద ఉర్దూ అక్షరాల ఒంపులు. ఇవన్నీ తరతరాలుగా సాగుతున్న పనులు. అయినా చేతినుంచి వెలువడిన ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒక్కటిగా ఉండవు. ఒకే పనిని వేలసార్లు చేస్తున్న మనిషిలో కొత్తదనం ఎక్కడినుంచి వస్తుంది? చేతి నైపుణ్యం, కంటి పరిశీలన, మనసు లగ్నం కావడం గురించి శాస్త్రం తెలుసుకున్న సంగతుల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

లక్క నేర్పే పాఠం

లక్క ఒక పురుగు ఇచ్చే పదార్థం. కెరియా లక్కా అనే శాస్త్రీయ నామం గల ఈ చిన్న కీటకం మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మలను అంటిపెట్టుకుని రసం పీలుస్తుంది. తన ఒంటి చుట్టూ జిగురును స్రవించి గూడు కట్టుకుంటుంది. లక్షల పురుగుల గూళ్లు కలిసి కొమ్మ చుట్టూ గట్టి పొరగా ఏర్పడతాయి. ఆ పొరను గీకి, కడిగి, శుద్ధి చేస్తే లక్క. మన దేశంలో లక్క ఎక్కువగా పండేది ఝార్ఖండ్‌లో. అక్కడ రాంచీ దగ్గరి నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థ వెలసింది.

మంచుగడ్డ సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. లక్కకు అలాంటి గీత లేదు. దాని అణువులు స్ఫటికంలోలా వరుసలు తీరి ఉండవు కనుక అది మెల్లమెల్లగా మెత్తబడుతుంది. సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర లొంగడం మొదలుపెట్టి, 80 డిగ్రీలకు చేరువవుతుంటే సాగి పారుతుంది. వేడి మరీ ఎక్కువసేపు తగిలితే ఇంకో మార్పు జరుగుతుంది. లక్కలోని ఆమ్ల, ఆల్కహాల్ సమూహాలు ఒకదానితో ఒకటి ముడిపడి, అణువులు వల అల్లుకున్నట్టు బిగుసుకుంటాయి. అలా బిగిసిన లక్కను మళ్లీ కరిగించడం సాధ్యం కాదు. తక్కువ వేడిలో వంచితే పగులుతుంది, ఎక్కువ వేడిలో కారిపోతుంది, వేడి మీద మరిచిపోతే పాడైపోతుంది. పనివాడికి దక్కేది ఈ మధ్యలో ఉన్న ఇరుకైన సందు మాత్రమే.

గాజు తయారీ అంతా ఆ సందులోనే నడుస్తుంది. కరిగించిన లక్కలో రంగు కలిపి, ముద్దను చెక్క మీద దొర్లించి కడ్డీగా సాగదీస్తారు. కావలసిన కొలతకు కోసి, గుండ్రంగా వంచి, రెండు కొసలనూ వేడితో అతికిస్తారు. పై పొర మెత్తగా ఉండగానే రాళ్లు, పూసలు, అద్దపు ముక్కలు ఒక్కొక్కటిగా అద్దుతారు. లక్క వేడిని నిదానంగా ప్రసరింపజేస్తుంది కనుక పైన మెత్తబడినా లోపల గట్టిగానే ఉంటుంది. ఆకారం చెదరకుండా రాయి దిగబడడానికి ఈ గుణమే కారణం. బొగ్గుల కుంపటి పక్కన ఉష్ణమాపకం పెట్టుకునేవారు అరుదు. లక్క మెరుపు, సాగే తీరు, వేలికి తగిలే బిగువు చూసి సమయం పోల్చుకుంటారు. మనిషి అరచేతిలో, వేళ్లలో స్పర్శను గ్రహించే నాడీ తంతువులు సుమారు 17 వేలు ఉంటాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 1979లో లెక్కగట్టారు. వేలికొసల్లో అవి మరీ దట్టం. పనివాడి పరికరాలన్నింటిలో సున్నితమైనది అతని వేలికొసే.

పదార్థం ఇలా ప్రతి క్షణం మారుతుంటే చూడకుండా, తాకకుండా, అలవాటు మీదే చేసుకుపోవడం కుదరదు. చేతిపనిలోని ఎరుకకు మొదటి మూలం ఇదే. లక్క తన వైపు చూడమంటుంది.

మాటకు అందని జ్ఞాపకం

లక్క ఎప్పుడు వంగుతుందో పని నేర్పే ఉస్తాద్‌ను అడిగితే మాటల్లో చెప్పడం కష్టం. చేసి చూపిస్తాడు. తెలిసినదంతా మాటల్లో పెట్టలేని ఈ స్థితిని హంగరీలో పుట్టిన తత్త్వవేత్త మైకేల్ పొలానీ 1966లో వెలువడిన తన పుస్తకంలో లోతుగా చర్చించారు. దీనికి మెదడులో ఉన్న ఆధారం అంతకు కొద్దికాలం ముందే బయటపడింది.

1953లో హెన్రీ మొలాయిసన్ అనే అమెరికన్ యువకుడికి మూర్ఛ తగ్గించడానికి మెదడు శస్త్రచికిత్స చేశారు. రెండు వైపులా హిపోక్యాంపస్ భాగాలను తొలగించడంతో అతనికి కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనికి ఒక పని అప్పగించారు. అద్దంలో కనిపించే ప్రతిబింబాన్నే చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల మధ్య గీత గీయాలి. రోజురోజుకూ అతని గీత మెరుగైంది. అయితే ఆ పని ముందెప్పుడైనా చేసినట్టు అతనికి గుర్తే లేదు. సంఘటనలను గుర్తుపెట్టుకునే వ్యవస్థ వేరని, చేతిపనిని గుర్తుపెట్టుకునే వ్యవస్థ వేరని దీనితో తేటతెల్లమైంది. నైపుణ్యాల జ్ఞాపకంలో మెదడు అడుగున ఉండే బేసల్ గాంగ్లియా, వెనుక భాగంలోని చిన్నమెదడు ముఖ్యపాత్ర వహిస్తాయి. 'చేయి తిరిగింది' అని తెలుగులో అనే మాటకు శరీర నిర్మాణంలోనే తావుంది.

చేయి తిరగడం మెదడు ఆకృతినీ మారుస్తుంది. 2004లో జర్మనీ పరిశోధకులు, అంతకుముందు ఆ విద్య రానివారికి మూడు బంతులను గాల్లో తిప్పడం నేర్పారు. మూడు నెలల్లో కదలికను గుర్తించే మెదడు ప్రాంతాల్లో బూడిదరంగు పదార్థం పెరిగినట్టు స్కానింగ్‌లో తేలింది. సాధన మానేసిన మూడు నెలలకు ఆ పెరుగుదల తగ్గుముఖం పట్టింది. చేతివిద్య వాడుకలో ఉన్నంతకాలమే బతుకుతుంది. ఒక్క తరం దాన్ని వదిలేస్తే తర్వాతి తరం పుస్తకం చదివి తిరిగి తెచ్చుకోలేదు. ఎందుకంటే అందులో ముఖ్యమైన భాగం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

ఒక్కటిగా కనిపించే వేయి దెబ్బలు

మిఠాయిల మీద, తమలపాకు చిలకల మీద అద్దే వెండి రేకును పాతబస్తీలో వరఖ్ అంటారు. చిన్న వెండి ముక్కలను పలుచని పొరల మధ్య ఉంచి, పుస్తకంలా కట్టి, రాతి మీద పెట్టి గంటల తరబడి సుత్తితో కొడతారు. వెండి పరమాణువులు ఒక పొర మీదుగా మరో పొర తేలికగా జారతాయి కనుక రేకు చిరగకుండా సాగుతూ పోతుంది. చివరికి దాని మందం మైక్రాన్‌కు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు, లోపే ఉంటుంది. ఊపిరి తగిలినా ముడుచుకుపోతుంది. ఒకప్పుడు ఈ పొరలకు జంతు చర్మం వాడేవారు. జంతు సంబంధమైన పదార్థాలు ఏ దశలోనూ వాడరాదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో నియమం తెచ్చింది.

బయటివారికి ఈ పని యంత్రంలా కనిపిస్తుంది. నిజంగా అది యంత్రం లాంటిదేనా అని ఒక శాస్త్రవేత్త వందేళ్ల క్రితమే పరీక్షించాడు. 1920లలో మాస్కోలోని కేంద్ర శ్రామిక సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టైన్, ఉలి మీద సుత్తితో కొట్టే అనుభవజ్ఞుల చేతికీళ్లకు చిన్న బల్బులు అమర్చి, వాటి కదలికలను ఫిల్మ్ మీద బంధించాడు. ఆరితేరిన చేయి ప్రతిసారీ ఒకే దారిలో కదులుతుందని అనుకోవడం సహజం. ఫిల్మ్ వేరే సంగతి చెప్పింది. సుత్తి మొన దాదాపు ఒకే చోట పడుతోంది. భుజం, మోచేయి, మణికట్టు మాత్రం ప్రతి దెబ్బకూ కొద్దిగా వేరే దారిలో కదులుతున్నాయి. ఒక కీలులో వచ్చిన తేడాను మరో కీలు సర్దేస్తోంది. అభ్యాసం అంటే ఒక సమస్యకు దొరికిన జవాబును వల్లెవేయడం అన్న ఊహ దీనితో పక్కకు పోయింది. సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించుకోవడమే అభ్యాసమని బెర్న్‌స్టైన్ తేల్చాడు.

ఈ ఫలితం చేతిపనుల మీద ఉన్న ఒక పాత అపోహను తొలగిస్తుంది. ఒకే పని మళ్లీ మళ్లీ చేసేవారిలో సృజన ఉండదన్నది ఆ అపోహ. వరఖ్ కొట్టే చేతికి అలసట పెరుగుతుంటుంది, పొరల కట్ట పలుచబడుతుంటుంది, అంచులకు చేరే కొద్దీ దెబ్బ మారాలి. వీటన్నింటికీ ఆ క్షణంలోనే సర్దుబాటు జరుగుతుంది. సృజనకు అతి చిన్న రూపం ఆ సర్దుబాటు.

ఇందులో లయకు కూడా పాత్ర ఉంది. లయబద్ధమైన చప్పుడు వింటున్నప్పుడు, శరీరం కదలకపోయినా, మెదడులో కదలికలను నడిపే ప్రాంతాలు చురుకవుతాయని 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ చూపారు. తరువాతి దెబ్బ ఎప్పుడు పడాలో చెవి ముందే చేతికి చేరవేస్తుంది. శ్రమ సమంగా పంచుకుపోతుంది. నాట్లు వేసేటప్పుడు, దంపుళ్ల దగ్గర పాట పుట్టడానికి కారణం కూడా ఇలాంటిదే.

గాజు మీద లెక్క

గాజుల కొలతల్లో పైకి కనిపించని గణితం ఉంది. దుకాణంలో 'రెండు-నాలుగు', 'రెండు-ఆరు' అనే మాటలు వినిపిస్తాయి. రెండు-ఆరు అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. లోపలి వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు. లక్క మందం మూడు మిల్లీమీటర్లు అనుకుంటే గాజు వెలుపలి చుట్టుకొలత సుమారు 208 మిల్లీమీటర్లు అవుతుంది. అద్దాల్సిన పువ్వు పది మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే ఇరవై పూలు పట్టాక ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అంత ఖాళీ కనిపిస్తే గాజు పనికిరాదు. పువ్వు పువ్వుకూ మధ్య 0.4 మిల్లీమీటర్ల ఎడం ఇస్తే ఖాళీ కరిగిపోతుంది. లేదా ఒక్కో పువ్వును పదో వంతు మిల్లీమీటరు ఒత్తి ఇరవై ఒకటి పట్టించవచ్చు. ఈ నిర్ణయం సగం పని అయ్యాక తీసుకుంటే లాభం లేదు. మొదటి పువ్వు పెట్టేటప్పుడే చివరి పువ్వు కంటిలో మెదలాలి. కాగితం మీద లెక్క వేయకుండానే అనుభవజ్ఞులైన పనివారు గాజును చుట్టి రాళ్ల వరుసను కలుపుతారు.

గాజు చుట్టూ ఉన్న పట్టీ మీద నమూనాలు లెక్కకు అందనన్ని ఉన్నట్టు తోస్తుంది. గణితం మాత్రం వాటన్నింటినీ ఏడు కుటుంబాల్లో సర్దుతుంది. ఒక పట్టీ వెంట మళ్లీ మళ్లీ వచ్చే నమూనాలో సాధ్యమయ్యే సౌష్ఠవాలు సరిగ్గా ఏడు రకాలు. వాలుగా ఉన్న ఆకును అలాగే వరుసగా పెడుతూ పోవడం ఒకటి. తడి ఇసుకలో ఎడమ కుడి పాదముద్రల్లా ఆకును కిందికీ పైకీ మార్చి మార్చి వేయడం రెండోది. నిలువు అద్దంలో చూసినట్టు ఎడమ కుడి సమంగా ఉండడం మూడోది. అడ్డ గీతకు పైనా కిందా ఒకేలా ఉండడం నాలుగోది. ఆకును సగం చుట్టు తిప్పి తలకిందులుగా జతపరచడం అయిదోది. వీటి కలయికల వల్ల మరో రెండు. ఎనిమిదోది లేదు, ఉండబోదు. నేల మీదా గోడ మీదా రెండు వైపులా పరుచుకునే నమూనాలకు ఇలాంటి రకాలు పదిహేడని 1891లో రష్యా శాస్త్రవేత్త ఫెదరోవ్ నిరూపించారు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో వెలసిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీది రంగు పెంకుల అల్లికల్లో ఈ సౌష్ఠవాల అందం చూడవచ్చు. ఇంటి ముందు చుక్కల ముగ్గు వేసే ఇల్లాలి వేళ్లకూ ఈ గణితం పరిచితమే.

రకాలు ఏడేనని తెలిసినప్పుడు సృజనకు హద్దులు గీసినట్టు అనిపించవచ్చు. జరిగేది వేరు. పువ్వు ఏది, రంగు ఏది, ఎడం ఎంత, ఏ రాయి ఎక్కడ అనేవి స్వేచ్ఛగా మిగిలి ఉంటాయి. చట్రం స్థిరంగా ఉన్నప్పుడు మనసు ఆ స్వేచ్ఛ మీద నిలబడుతుంది. ఛందస్సు కవికి చేసే మేలు ఇదే.

రంగును చూసే కన్ను

లాడ్ బజార్‌లో చీరకు గాజులు జతపరిచేటప్పుడు అమ్మేవారు చీర కొంగు పట్టుకుని దుకాణం గుమ్మం దాకా రావడం మామూలే. ఇందులో నిక్కమైన భౌతికశాస్త్రం ఉంది. మనిషి కంటిలో రంగును గ్రహించే శంకు కణాలు మూడు రకాలు. అవి వేర్వేరు తరంగదైర్ఘ్యాలకు స్పందిస్తాయి. ఆ మూడు స్పందనల నిష్పత్తిని బట్టి మెదడు రంగును పోల్చుకుంటుంది. పట్టు మీది అద్దకం, లక్కలోని రంగు వేర్వేరు పదార్థాలు. ఒక దీపం వెలుగులో రెండూ కంటికి ఒకే నిష్పత్తిని ఇచ్చి ఒకే రంగులా కనిపించవచ్చు. దీపం మారితే నిష్పత్తి మారి తేడా బయటపడుతుంది. ఎల్‌ఈడీ దీపంలో నీలి కాంతి పాలు ఒక చోట శిఖరంలా ఎత్తుగా ఉంటుంది. పగటి వెలుగులో అన్ని తరంగాలూ సమంగా పరుచుకుని ఉంటాయి. గుమ్మం దాకా వచ్చి చూడడం రెండో పరీక్ష.

పక్కనున్న రంగు కూడా చూపును మారుస్తుంది. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకాల విభాగాన్ని చూసుకున్న రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రల్‌కు, నలుపు దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే దారంలో లోపం కనిపించలేదు. పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్ల నలుపు అలా కనిపిస్తోందని ఆయన తేల్చి, 1839లో దానిపై పెద్ద గ్రంథమే వెలువరించారు. ఎరుపు పక్కన ఆకుపచ్చ మరింత పచ్చగా మెరుస్తుంది. గాజుల జోడాలో ఆకుపచ్చ లక్క గాజుకు అటూ ఇటూ ఏ రంగు సన్న గాజు వేయాలో ఎంచే అమ్మకందారు ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివి ఉండకపోవచ్చు. కన్ను అతనికి ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది.

కలం, చుక్క

ఉర్దూ దస్తూరీలో కొలబద్ద కలమే. ఏటవాలుగా చెక్కిన రెల్లు కలాన్ని కాగితం మీద ఆనిస్తే వజ్రాకారపు చుక్క పడుతుంది. ఆ చుక్కలతోనే అక్షరం పొడవు, వంపు లోతు కొలుస్తారు. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో మంత్రిగా ఉన్న ఇబ్న్ ముఖ్లా ఈ కొలతల పద్ధతికి ఆద్యుడని సంప్రదాయం. కలం సన్నదైతే చుక్క చిన్నది, అక్షరమూ చిన్నదే. నిష్పత్తి మాత్రం చెదరదు. ఇరాన్‌లో రూపుదిద్దుకుని దక్కన్‌కు చేరిన నస్తలీఖ్ దస్తూరీలో మాటలు ఏటవాలుగా కిందికి జారుతూ ఒకదానిమీద ఒకటి ఒదుగుతాయి. ఒకే అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. అందుకే దీన్ని అచ్చు యంత్రానికి ఎక్కించడం చాలాకాలం కుదరలేదు. ఉర్దూ పత్రికలకు దస్తూరీ లేఖకులైన కాతిబ్‌లు చేత్తోనే పుటలు రాసేవారు. 1990లలో ఇన్‌పేజ్ వంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఆ పని కంప్యూటర్‌కు మారింది.

కలంతో రాయడంలో కన్ను, చేయి ఒకదానికొకటి వెంటవెంటనే కబురు పంపుకుంటాయి. సిరా ఎంత మిగిలిందో, కాగితం ఎంత పీలుస్తోందో వేళ్లకు తెలుస్తుంది. తప్పు పడితే అప్పుడే కనిపిస్తుంది. చేసిన పనికి ఫలితం అప్పటికప్పుడే కంటికి కనబడటం మనసు నిలపడానికి బలమైన సాయం.

మనసు నిలవడం, మనసు తిరగడం

ఈ నిలకడ మీద విస్తృతంగా పనిచేసిన శాస్త్రవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి. పర్వతారోహకులు, చదరంగం ఆటగాళ్లు, నర్తకులు, శస్త్రవైద్యులతో మాట్లాడి, వారంతా పనిలో లీనమైన క్షణాలను ఒకేలా వర్ణిస్తున్నారని 1975లో వెలువరించిన పుస్తకంలో ఆయన వివరించారు. ఆ స్థితికి మూడు అనుకూలతలు కావాలి. చేరాల్సిన గమ్యం స్పష్టంగా ఉండాలి. సరిగ్గా చేస్తున్నామో లేదో వెంటనే తెలియాలి. పని కష్టం, మనిషి నేర్పు సరితూగాలి. నేర్పును మించిన పని కంగారు పెడుతుంది, నేర్పుకన్నా తేలికైన పని విసుగు పుట్టిస్తుంది. లక్కకు రాయి అద్దడంలో మొదటి రెండూ సహజంగానే ఉన్నాయి. మూడోది పనివాడికి దొరికే అవకాశాన్ని బట్టి ఉంటుంది.

మామూలు వేళల్లో మనసు పనిలో ఉండే సమయం తక్కువే. 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డానియల్ గిల్బర్ట్ 2,250 మందిని ఫోన్ ద్వారా రోజులో అప్పుడప్పుడూ పలకరించి, చేస్తున్న పని మీదే మనసుందా అని అడిగారు. 46.9 శాతం సందర్భాల్లో లేదనే జవాబు వచ్చింది. మనసు ఎక్కడో తిరుగుతున్న వేళల్లో వారి సంతోషం కూడా తక్కువగా నమోదైంది.

అలాగని తిరిగే మనసు పనికిమాలినది కాదు. విశ్రాంతి వేళ చురుగ్గా ఉండే మెదడు ప్రాంతాల అల్లికను మార్కస్ రైకల్ బృందం 2001లో గుర్తించింది. గతాన్ని నెమరేసుకోవడం, రేపటిని ఊహించడం ఈ అల్లిక పనులు. 2018లో రోజర్ బీటీ బృందం 163 మంది మెదళ్లను పరిశీలించి, కొత్త ఉపాయాలు బాగా తట్టేవారిలో ఊహను నడిపే అల్లిక, అదుపును నడిపే అల్లిక మధ్య బంధం బలంగా ఉందని తేల్చింది. ఒకటి కొత్త సంగతులను తెచ్చి పోస్తే, మరొకటి ఏరి కూరుస్తుంది. కార్ఖానాలో చేయి తిరిగిన మనిషికి ఈ రెండూ దగ్గరవుతాయి. పనిలో పాతుకుపోయిన భాగాన్ని చేయి చూసుకుంటుంది. కొంత మనసు ఖాళీ అవుతుంది. ఈసారి ముత్యం పక్కన అద్దం పెడితే ఎలా ఉంటుందన్న ఊహ ఆ ఖాళీలోకి వస్తుంది. నచ్చితే ఆ గాజు మీదే పరీక్ష జరిగిపోతుంది. గాజుల కొత్త నమూనాలు గీసిన బొమ్మల్లోంచే కాక ఇలా పని మధ్యలోంచి కూడా పుట్టవచ్చు.

చూసేవారి పాలు

కళలో సగం చూసేవారి మనసులో పూర్తవుతుందన్న భావనను కళా చరిత్రకారుడు ఎర్నెస్ట్ గోంబ్రిచ్ 1960లో తన గ్రంథంలో విస్తరించారు. దీనికి నిదర్శనం మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. ఇటలీ శిల్పి జొవాన్ని బెంజోనీ చెక్కిన 'ముసుగులో రెబెక్కా' పాలరాతి విగ్రహం ముఖం మీద పలుచని వస్త్రం కప్పినట్టు కనిపిస్తుంది. అక్కడ వస్త్రం లేదు, దాని వెనుక ముఖమూ లేదు. ఉన్నది ఒకే రాతి ఉపరితలం. ముడతల దగ్గర పడే వెలుగునీడలను చూసి, ఇలాంటి నీడలు పలుచని బట్టకే ఉంటాయన్న పాత అనుభవంతో మెదడు ముసుగును కల్పించుకుంటుంది.

ఈ కల్పనకు కొంత సమయం పడుతుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గొప్ప చిత్రాల ముందు సందర్శకులు సగటున 27 సెకన్లు నిలబడుతున్నారని, సగం మంది 17 సెకన్ల లోపే కదిలిపోతున్నారని 2001లో వెలువడిన అధ్యయనంలో తేలింది. చూపు ఉన్నా శ్రద్ధ లేకపోతే ఎదుట ఉన్నదే కనిపించదు. 1999లో డానియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ చేసిన ప్రయోగంలో, బంతులు ఎన్నిసార్లు చేతులు మారాయో లెక్కబెడుతున్నవారిలో దాదాపు సగం మందికి, ఆటగాళ్ల మధ్యగా నడిచి వెళ్లిన గొరిల్లా వేషధారి కనిపించనే లేదు. కంటి నడిబొడ్డున స్పష్టంగా కనిపించే మేర చాచిన చేతి బొటనవేలి గోరుకు రెండింతలే. మిగతాదంతా మెదడు అంచనా. లాడ్ బజార్ మెరుపుల్లో వంద దుకాణాలు దాటిపోయినవారికి మెరుపే గుర్తుంటుంది. ఒక్క గాజును చేతిలోకి తీసుకుని నెమ్మదిగా తిప్పి చూసినవారికి అతుకు ఎక్కడుందో, రాళ్ల వరుస ఎలా కలిసిందో కనిపిస్తుంది. అప్పుడు కొనేవారు కూడా ఆ సృజనలో పాలుపంచుకుంటారు.

ఎరుక బతకడానికి

సృజనకు పరిస్థితులు కావాలి. మెచ్చుకోలు, డబ్బు వంటి బయటి కారణాల మీదికి మనసు మళ్లించిన రచయితలు రాసిన కవితల్లో సృజన తగ్గిందని తెరెసా అమబీల్ 1985లో చూపారు. దీన్ని బట్టి పనివాడికి కూలి అక్కర్లేదని అనుకోవడం తప్పు. సృజనను చంపేది బలవంతం, ఆంక్ష, రేపటి తిండి గురించిన భయం. ముక్కకు ఇంత అని లెక్కగట్టి, గంటకు ఎన్ని గాజులో ముందే చెప్పి, ఒకే నమూనాను నెలల తరబడి చేయించే చోట కష్టానికి, నేర్పుకు మధ్య ఉండాల్సిన తూకం పోతుంది. చేయి తిరిగే కొద్దీ ఎదగాల్సిన మనిషి విసుగులో కూరుకుపోతాడు.

ఈ వృత్తికి చీకటి పార్శ్వమూ ఉంది. 2015 ఆరంభంలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాల్లో పోలీసులు సోదాలు జరిపి, బిహార్ వంటి చోట్లనుంచి తెచ్చి పనిలో పెట్టిన రెండు వందల మందికి పైగా బాలలను విడిపించారు. ఆ పిల్లల చేతుల్లోనూ అదే లక్క, అవే రాళ్లు. అయితే ఆడుకోవాల్సిన, చదువుకోవాల్సిన వయసును కుంపటి పొగలో కరిగించిన పనిని కళ అనకూడదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని 2016లో సవరించిన చట్టం నిషేధిస్తోంది. పనిని ఇష్టపడి నేర్చుకునే హక్కు, నచ్చకపోతే మానే హక్కు ఉన్నచోటే చేతిపని విద్య అవుతుంది.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. విద్యను కాపాడాల్సింది న్యాయమైన కూలి, పొగ లేని పని గది, కొత్త నమూనా ప్రయత్నించడానికి కాస్త తీరిక, నేర్చుకోవడానికి ముందుకొచ్చే యువత. సాధన ఆగిన కొద్ది నెలలకే మెదడులో దాని ముద్ర చెరగడం మొదలవుతుందని శాస్త్రం నిరూపించింది. వందల ఏళ్లుగా పాతబస్తీ వేళ్లు నేర్చుకున్న ఈ విద్య రేపటికీ ఉండాలంటే, చేసేవారికి గౌరవంగా బతికే దారి ఉండాలి. కొనేవారు బేరమాడే ముందు ఒక్క నిమిషం ఆ గాజును చేతిలో తిప్పి చూడాలి.